గరిక తినే కుక్క, కాంపౌండరు మామ

పోయిన శుక్రవారం పొద్దున మా ఎదురింటి కాంపౌండరు మామ పోయాడు. పశువుల ఆస్పత్రిలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన మనిషి. చుట్టం కాదు, నేను మామా అని పిలిచేదాన్ని. అందరూ ఆయన మంచితనం చెప్పుకుంటుంటే తలవంచుకుని కూర్చున్నాను. ఇన్నాళ్లూ దాచిన మాట లోపల పెట్టుకుని దేవుడి ముందు దీపం పెట్టలేకపోతున్నాను. అందుకే ఈ రాత.

మామ ఆవుకు సూది వేసేముందు కూడా "కొంచెం ఓర్చుకో తల్లీ" అని దాని చెవిలో చెప్పేవాడు. ఎవరు మేకను తోలుకొచ్చినా, కోడిని పట్టుకొచ్చినా, తాగుతున్న టీ పక్కన పెట్టి లేచేవాడు.

ఆయనకొక ఎర్ర కుక్క ఉండేది. సంకటహర చతుర్థికి వినాయకుడికి పెట్టడానికి నేను కుళాయి పక్కన గరిక పెంచుకునేదాన్ని. అది గేటు సందులో దూరి లేత కొసలు కొరికి తినేది. ఒకరోజు నా ముగ్గు మీదే కక్కింది.

"మామా, దానికేదో రోగముండాది. లేకుంటే కుక్క గడ్డి తింటాదా?" అన్నాను.

"రోగం లేదు, ఏం లేదమ్మీ. బాగుండే కుక్కలు కూడా తింటాయి. ఎప్పుడో ఒకసారి కక్కుతాయి, అంతే. మనం కొత్తిమీర తినమా?" అని నవ్వాడు. "మీ దేవుడిదీ మా కుక్కదీ ఒకటే రుచి!"

నాకు నవ్వు రాలేదు. దేవుడికి ఎంగిలి గరిక పెడుతున్నానని కుమిలిపోయాను. మామ ఊళ్లో లేని రోజు చూసి, దానికి బన్ను ఆశ చూపి, ధర్మవరానికి పట్టునూలు తీసుకుపోయే మా తమ్ముడి టెంపోలో ఎక్కించాను. "పెనుకొండ దాటినాక దింపేయ్‌రా" అన్నాను.

మామ వచ్చి అడిగితే చూడలేదన్నాను. ఆయన వారం రోజులు హిందూపురం వీధులన్నీ సైకిలు మీద తిరిగాడు. నాకు మనసొప్పక, ఇంట్లో గుడికని చెప్పి కుక్కను వెతకడానికి పెనుకొండకు బస్సెక్కాను. రోడ్డు పక్క టీ అంగడి ఆయన "యాడా కనపల్లేదమ్మా" అన్నాడు.

నేను తిరిగొచ్చిన సాయంత్రం మామ మా మెట్టు మీద కూర్చున్నాడు.

"నాదే తప్పమ్మీ. గడ్డి తింటాంటే రోగం లేదనుకున్నా. కడుపులో ఏదో ఉండి, చావడానికి యాడికో పోయింటాది. నువ్వు చెప్తానే ఉన్నావు, నేనే వినలే."

అప్పుడైనా చెప్పాల్సింది. "ఊరుకో మామా" అని మాత్రం అన్నాను.

కొన్నాళ్లకు వెనక వీధి ఆమె కుక్కపిల్లను ఎత్తుకొచ్చింది. "ఇది గడ్డి తింటాంది, చూడు మామా" అంది. మామ దాని చిగుళ్లు చూశాడు, కడుపు తడిమాడు, తర్వాత చేతులు వెనక్కి తీసుకున్నాడు.

"నాకు తెలీదు తల్లీ. డాక్టరుకు చూపించు."

మా గేటు పట్టుకుని ఆ మాట విన్నాను. మామ అప్పుడు చెప్పింది ఏమీ తప్పు కాదు. ఆ కుక్కకు ఏ జబ్బూ లేదు. ఆ ఒక్క సంగతి ఆయన పోయేదాకా తెలియనివ్వలేదు.

ఈ కాగితాలు చదివినవారు దాచిపెట్టండి, ఎవరికీ చూపకండి. మామ భార్యకు అసలే వద్దు. ఆమెకు నా నోటితో నేనే చెప్పాలి. కిటికీలోంచి కనబడుతోంది. మామ ఖాకీ చొక్కా తీగ మీద ఆరేసి, దాని చేతి మడతలు ఒక్కొక్కటే విప్పి సరిచేస్తోంది.