చెవిదాకా కర్ర

ఆముదం వాసన తగిలితే ఇప్పటికీ నా అరచేతులు దురద పెడతాయి, ఆ వెంటనే ఒళ్ళు మండుతుంది. మొన్న బళ్ళారి గాంధీనగర్‌లో మా కింది వాటావాళ్ళు పసిబిడ్డ మాడుకు ఆముదం అద్దుతుంటే మెట్ల మీదే ఆగిపోయాను. యాభై దాటినదాన్ని, రెండు చేతులా కూరగాయల సంచులున్నదాన్ని, కురుగోడులో మా జేజినాయన వాకిట్లో పదేళ్ళ పిల్లనైపోయాను. అందరికీ చిన్నతనం తలుచుకుంటే కళ్ళు చెమరుస్తాయట. నాకు కోపం వస్తుంది.

జేజినాయన అంటే మా నాయన తండ్రి, ఊళ్ళో గరడికి పెద్ద. గరడి అంటే కుస్తీ, సాము నేర్పే చోటు; బండలు కప్పిన పొడుగాటి కొట్టం, వంగి దూరాల్సిన తలుపు, లోపల జల్లెడ పట్టిన ఎర్రమట్టి. ఆ మట్టిలో పసుపు, మజ్జిగ, వేపాకు కలిపి కాళ్ళతో తొక్కుతుంటే లేచే చల్లని వాసన, మిరపకాయల కాలంలో కళ్ళాల నుంచి గాలికి కొట్టుకొచ్చే ఘాటు, తుమ్ముకుంటూనే బస్కీలు తీసే మగపిల్లలు, పక్కింట్లో జొన్నరొట్టె తట్టే చప్పుడు, సాము అయ్యాక జేజినాయన దోసిట్లో పోసే నానిన శనగలు, బెల్లంముక్క. నా పొద్దులన్నీ అక్కడే తెల్లారాయి.

ఆడది ఆ మట్టి తొక్కరాదని కట్టుబాటు. అందుకని జేజినాయన నాకు గరడి బయట, వాకిట్లోనే కర్రసాము నేర్పాడు. ఎవరూ అడ్డు చెప్పలేదు. చిన్నపిల్ల, ముచ్చటగా ఉందని నవ్వారు. ముచ్చటగా ఉన్నంతకాలం ఆడపిల్ల ఏం చేసినా చెల్లుతుంది మరి!

కర్ర మనిషి చెవిదాకా ఉండాలని గరడిలో పద్ధతి. మగపిల్లలు పెరిగినకొద్దీ కొత్త కర్ర కోసుకునేవాళ్ళు. నాకు మాత్రం ఆయన గట్టి వెదురు ఏరి, కణుపులు నున్నగా చెక్కి, వేసవంతా ఆముదం పట్టించి ఇచ్చిన కర్ర నాకంటే పొడుగుంది.

"జేజినాయనా, ఇది నా నెత్తి దాటి పోతాండాది!"

"నువ్వు పెరగవా ఏంది? కర్రయితే పెరగదు కదమ్మీ."

ఆ పొడుగు కర్రతోనే మోచేతులు కొట్టుకుపోయేలా తిప్పాను. ఎదుటివాడి కర్రను చూడొద్దు, భుజం చూడమనేవాడు. చెయ్యి కదలకముందే భుజం చెబుతుందట. దెబ్బ వస్తుంటే రెప్ప వేస్తే ఆ రోజు శనగలు లేవు.

పీర్ల పండగకు సాము ఆడటం మా ఊరి ఆచారం. హిందువులు, సాయిబులు అని తేడా లేదు. మలీద ముద్దల నేతివాసన, ఊదు పొగ, తప్పెట్ల మోత మధ్య పొద్దుటిపూట పీర్లు కదిలితే ముందు గరడి పిల్లలు కర్రలు తిప్పుతూ నడవాలి. ఆ ఏడు నన్నూ నడిపిస్తానని జేజినాయన మాట ఇచ్చాడు. పండగకు కొంచెం ముందే నేను పెద్దమనిషినయ్యాను. అయినా ఆ పొద్దున కర్ర పట్టుకుని, కొంగు బిగించి గడప దాటాను. మా చిన్నాయన, అంటే ఆయన చిన్నకొడుకు, వీధిలో అందరి ముందు కర్ర లాక్కున్నాడు.

"పెద్దమనిషైన పిల్ల పదిమందిలో కర్ర తిప్పేదేంది? మర్యాదె ఉండాదా మనకు?"

నేను జేజినాయన వైపు చూశాను. రెప్ప వేయొద్దని నేర్పిన మనిషి తల వంచుకుని, తలపాగా సర్దుకుని, మగపిల్లలతో ముందుకు నడిచిపోయాడు. తప్పెట్లు దూరమయ్యేదాకా నేను గుమ్మంలోనే ఉన్నాను.

చిన్నాయన ఆ కర్రను వసారాలో రెండు తాళ్ళకు కట్టి దండెం చేశాడు. పెళ్ళై బళ్ళారికి వచ్చేదాకా ఇంటిల్లిపాది బట్టలు దాని మీద ఆరేసింది నేనే. సాము మాత్రం ఒంట్లోంచి పోలేదు. ఈరోజుకీ కాళ్ళు ఎడంగా పెట్టే నిలబడతాను. సిరుగుప్ప బస్సులో మీద పడబోయినవాడి భుజం చూసి, చెయ్యి నా దాకా రాకముందే మణికట్టు పట్టుకుని విరిచాను. నలుగురూ నన్నే గయ్యాళి అన్నారు. అననీ.

పోయిన వారం బళ్ళారిలోనే చిన్నాయన మనవరాలు బడి వార్షికోత్సవంలో కరాటే చేసింది. తెల్ల బట్టల్లో ఆ పిల్ల కాలు ఎత్తి తన్నినప్పుడల్లా ముందు వరుసలో కూర్చున్న ముసలాయన చప్పట్లే చప్పట్లు. నా వైపు తిరిగి, "ఆడపిల్లలకు ఇట్లాటివి నేర్పల్లమ్మీ, కాలం బాగలేదు" అన్నాడు.

"మరి నా కర్ర యాల గుంజుకుంటివి చిన్నాయనా?"

"ఏ కర్ర?"

ఆయన భుజాలు చూశాను. కదల్లేదు. అబద్ధం కాదు, నిజంగానే మరిచిపోయాడు. నా బతుకులో సగం ఆ పొద్దున ఆగిపోతే ఆయనకు గుర్తు పెట్టుకునేంత విషయం కూడా కాలేదు.

మర్నాడే కురుగోడు బస్సెక్కాను. గరడి ఉన్నచోట ఇప్పుడు మొబైల్ అంగళ్ళు. ఎర్రమట్టి ఎత్తి ఎక్కడ పోశారో ఎవరికీ తెలియదు. వసారాలో దండెం మాత్రం అట్లాగే ఉంది. దాని మీద చిన్నాయన పంచె ఆరుతోంది. పంచె తీసి గచ్చు మీద పడేశాను, తాళ్ళు కోశాను. కర్రను ముక్కు దగ్గర పెట్టుకుంటే ఆముదం లేదు, బట్టల సబ్బు వాసన.

నేల మీద నిలబెట్టి పక్కన నిలుచున్నాను. సరిగ్గా నా చెవిదాకా వచ్చింది. నేను ఎంత పెరుగుతానో అంత కచ్చితంగా తెలిసిన మనిషివి, నేను పెరిగిన రోజున ఎందుకు తల దించుకున్నావు జేజినాయనా?