తెలీదు మాస్టారు

మా భాషా మాస్టారికి ఏ మాటకూ అర్థం తెలియదు. ఇది నేను కోపంతో అంటున్నది కాదు, ఆయనే రోజుకు నలభై సార్లు నిండు క్లాసులో ఒప్పుకునే సంగతి. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఒక్క మాటకైనా అర్థం చెప్పిన పాపాన పోలేదు. పిల్లలు ఆయనకు తెలీదు మాస్టారని పేరు పెట్టారు. పక్క గదిలో లెక్కలు చెప్పుకునే నాకు గోడ గుండా వినిపించేది కూడా అదొక్కటే.

ఆ ఏడాది తొమ్మిదో తరగతి వాచకంలో ఒక నాటిక వచ్చింది. ముగ్గురు మనుషులు ఇనప గోళంలో కూర్చుని సముద్రం అడుగుకు దిగుతారు. మిగతా సెక్షన్లలో వారం తిరక్కుండా దిగి, చూడాల్సింది చూసి, పైకొచ్చి, ప్రశ్నలకు జవాబులు కూడా రాసేసుకున్నారు. మా మాస్టారి క్లాసులో మాత్రం నెల గడిచినా గోళం ఇంకా ఓడ మీదే వేలాడుతోంది.

"లంగరు అంటే ఏంటర్రా?" అనేవారు.

"మీరే చెప్పాలి మాస్టారూ."

"నాకు తెలిస్తే మిమ్మల్నెందుకు అడుగుతాను? ముందు వాక్యం చూడండి, తర్వాతి వాక్యం చూడండి. ఏమన్నా దొరుకుతుందేమో."

పిల్లలకు ఆయన మీద జాలి పుట్టింది. సంగతి బయటపడితే ఉద్యోగం ఊడుతుందని వాళ్ల భయం. ఇళ్లలో అడిగి, లైబ్రరీలో వెతికి, అర్థాలు చీటీల మీద రాసి ఆయన బల్ల సొరుగులో పడేసేవాళ్లు. ఒకడైతే నా క్లాసులో వర్గమూలం మధ్యలో లేచి, "టీచర్, ప్రాణవాయువు అంటే ఏంటి? మా మాస్టారికి అర్జంటుగా కావాలి" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

హెడ్మాస్టరుగారికి అంతకంటే ఎక్కువ మండింది. జవాబులు డిక్టేట్ చేసెయ్యమన్నారు. మాస్టారు చెయ్యనన్నారు. "అయితే సోమవారం నేనే వచ్చి చూస్తా. తేడా వచ్చిందా, ఆ క్లాసు ఇంకొకరికి ఇచ్చేస్తా" అని తేల్చేశారు.

ఇంక ఊరుకోలేక స్టాఫ్ రూముకు వెళ్లాను. మహానుభావుడు పేపర్లో పదకేళి నింపుతున్నారు. పెన్నుతో. ఒక్క కొట్టివేత లేదు.

"ఇన్ని మాటలు తెలిసిన మనిషి అక్కడ ఎందుకండీ ఆ వేషాలు?" అని నిలదీశాను.

ఆయన పెన్నుకు మూత పెట్టారు. "చివరి బెంచీలో కిటికీ పక్క పిల్లని చూశారా? మూడు స్కూళ్లు మారి వచ్చింది. ఇంకా కూడబలుక్కుని చదువుతుంది. పాత చోట తెలీదంటే గంటలకొద్దీ నిలబెట్టేవాళ్లట. అప్పట్నుంచీ క్లాసులో నోరు తెరవడం మానేసింది. తనకంటే తెలీనివాడు ఒకడుంటే ఆ పిల్లకి ధైర్యం కదా. ఏటా ఎవరో ఒకరి కోసం చేసే ఆ పని ఈసారి ఈ పిల్ల కోసం చేస్తున్నా. ఈమధ్య రోజూ మధ్యాహ్నం వచ్చి, ఒక్కో మాటా నాకు నేర్పి పోతోంది."

"క్లాసు పోతే?"

"పోనివ్వండి. నేను మాత్రం జవాబులు రాయించను."

అంతవరకు ఆయన్ని తిట్టుకున్నందుకు నాకు సిగ్గేసింది.

సోమవారం నా పిల్లలకు లెక్కలిచ్చి, వెళ్లి ఆ క్లాసు గుమ్మంలో నిలబడ్డాను. హెడ్మాస్టరుగారు ఇంకా చెప్పని పేజీ తెరిచారు.

"పీడనం అంటే ఏంటి? పిల్లలు కాదు, మీరు చెప్పండి మాస్టారూ."

మాస్టారు ఒకసారి చివరి బెంచీకేసి చూశారు. నేనైతే చెప్పేసేదాన్ని. ఆయన చేతులు కట్టుకుని, "తెలీదండీ" అన్నారు.

"ఇంకేం మరి, రేపట్నుంచి ఈ క్లాసు..."

కిటికీ పక్క పిల్ల లేచింది. పుస్తకం తెరిచింది. వేలు పెట్టి, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివింది. "పీడనం పెరుగుతోంది. గోళం గోడలు కిర్రుమంటున్నాయి." తలెత్తి, "పైనున్న నీళ్లు అన్ని పక్కల్నుంచీ నొక్కుతున్నాయండీ. అందుకే ఆ చప్పుడు. మా మాస్టారినేం అనకండి. ఆయనకి మేం నేర్పుకుంటున్నాం" అంది.

హెడ్మాస్టరుగారు ఆ పిల్లను చూశారు, మాస్టారిని చూశారు. "ఎన్నాళ్లు పడుతుందమ్మా నేర్పడానికి?"

"పరీక్షల్లోపు నేర్పేస్తామండీ. కాస్త నిదానం, అంతే."

ఆయన నవ్వు ఆపుకోలేక వెళ్లిపోయారు. క్లాసు మార్చే మాట మళ్లీ ఎత్తలేదు.

మాస్టారు మాత్రం కాగితం ముందేసుకుని, బుద్ధిగా రాసుకోవడానికి సిద్ధమయ్యారు.

"ఇంకోసారి చెప్పమ్మా, సరిగ్గా వినలేదు."

ఆ పిల్ల ఈసారి గట్టిగా చెప్పింది.