ఎయిర్‌పోర్ట్ బస్సులో తొడుక్కున్న కోటు

కెనడా రావడం మా ఆవిడకే ఇష్టం లేదని మా బంధువులందరూ అనుకుంటున్నారు. ఆ మాట పుట్టించింది నేనే, ఇక్కడి కేంబ్రిడ్జ్ ఊరు దాటాక టొరంటో ఎయిర్‌పోర్ట్‌కు వెళ్లే బస్సులో.

పక్క సీట్లో ఒక తెలంగాణ కుర్రాడు ఆడవాళ్ల చలికోటు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. పేరైనా అడగకుండా, “అన్నా, పీఆర్ వచ్చిందా?” అన్నాడు. ఇక్కడ మనవాళ్లు ముందు అడిగేది అదే, శాశ్వత నివాసం సంగతి.

“లేదబ్బాయ్. వర్క్ పర్మిటే.”

“నాదీ అదే. మా ఆమె ఇయ్యాల దిగుతుంది. కొన్ని జాబులోళ్ల భార్యలకే అని రూల్ మార్చిండ్రు గదా, నా జాబ్ ఆ లిస్టుల ఉన్నదని వీసా ఇచ్చిండ్రు.”

నా ఉద్యోగం ఆ లిస్టులో లేదు. అందుకే మా ఆవిడ వీసా తిరస్కరించారు. అతని నవ్వుముఖం చూస్తే నాకు కడుపు మండిపోయింది.

“ఆమె మీ అంతనే ఉంటది. జర తొడిగి చూపిస్తరా అన్నా?”

అందరూ చూస్తుండగా తొడుక్కున్నాను. సరిగ్గా సరిపోయింది.

“మస్తుంది! వదిన ఎప్పుడొస్తది?”

“ఆవిడకి ఈ చలి పడదు. రమ్మంటే తనే రానంది.”

“అట్లెట్ల అన్నా? మిమ్మల్ని ఒక్కర్నే విడిచిపెట్టిందా?” అంటూ నా భుజం మీద చెయ్యి వేశాడు.

ఆ జాలి నాకు హాయిగా ఉంది. తర్వాత ఫోన్లో మా అక్కకూ అదే చెప్పాను. మావాళ్లు ఆవిడను పలకరించడం మానేశారు.

ఆవిడ ఎవరికీ నిజం చెప్పలేదు, నన్నూ ఏమీ అడగలేదు. మొన్న మళ్లీ వీసాకు అప్లై చేసింది.