కడిగేసిన నూనె

సహోదరీ సహోదరులారా, ప్రభువు నామంలో మీకు వందనాలు. పెళ్లయిన దగ్గర నుంచి బిడ్డ కోసం కనిపెట్టుకుని ఉన్న నాకు గర్భసంచిలో గడ్డ పెరిగింది, నెలలో సగం రోజులు రక్తం పోయేది, పత్తి ఏరడానికి నడుముకు ఒడి కట్టుకుంటే చేలోనే కళ్లు తిరిగి పడిపోయేదాన్ని. గుంటూరులో ఎవరికి చూపించినా గర్భసంచి తీసేయాలన్నారు. తీసేస్తే ఇక నాకు బిడ్డ ఎక్కడిది? ఆ మాట వింటేనే ఏడుపొచ్చేది.

చివరకు ఒక డాక్టరమ్మ గారు, కోత లేకుండా శబ్ద తరంగాల వేడితో గడ్డను మాడ్చే కొత్త యంత్రం చెన్నైలో ఉందని పంపించారు. అక్కడి డాక్టరు గారు తెలుగాయనే. ముందురోజు స్కానింగు తీసి, ఆ బొమ్మ మీద వేడి ఎక్కడ తగలాలో గీతలు గీసి చూపించారు. పేగు అడ్డం ఉంది, మూత్రసంచి నింపితే అది పక్కకు తొలుగుతుందన్నారు. నన్ను చేసిన దేవుడు ఆయనకు ఎంత జ్ఞానం ఇచ్చాడో అని స్తోత్రం చెప్పుకుని, ఆ రాత్రే ఆ గీతల సంగతి మన పాస్టరమ్మ గారికి ఫోనులో చెప్పాను.

తెల్లారి చికిత్సకు సిద్ధం చేస్తూ నర్సమ్మ నా పొట్ట ముట్టుకుని ఆగిపోయింది.

"ఏంటమ్మా ఇంత జిడ్డు?"

అది మన పాస్టరమ్మ గారు ప్రార్థన చేసి ఇచ్చిన నూనె. ఉపవాస ప్రార్థనలో అక్కలంతా రాశారు, చాలదని రైల్లో నేనూ రాసుకున్నాను. నూనె ఉంటే తరంగాలు సరిగా లోపలికి పోవు, చర్మం కాలొచ్చు, సబ్బుతో కడగాలన్నారు డాక్టరు గారు. అభిషేకం కడిగేసుకుంటే విశ్వాసం వదిలేసినట్టేనని నేను మొండికేశాను. అయితే మీ ఊరెళ్లి ఆపరేషనే చేయించుకోమని ఆయన కోప్పడ్డారు. మా ఆయన దిక్కుతోచక పాస్టరమ్మ గారికి ఫోను కలిపి, సంగతి చెప్పి నా చేతిలో పెట్టాడు.

"ఓసి పిచ్చిదానా, నూనె రాసింది నేనే, కడగమనేదీ నేనే. దేవుడేమన్నా సబ్బుకు పోతాడా? కడిగించుకో ముందు" అని కసిరి, ఫోనులోనే ప్రార్థన చేశారు. "ప్రభువా, ఆ డాక్టరు బాబు గీసిన గీతలు నువ్వు చూశావు. ఆయన చెయ్యి తప్పకుండా కాపాడు తండ్రీ."

కడిగించుకున్నాను. యంత్రంలో బోర్లా పడుకుంటే ఒక్కొక్కసారి వేడి పొత్తికడుపులో చురుక్కుమనేది, కదలకూడదు కాబట్టి మనసులోనే స్తోత్రం, స్తోత్రం అనుకున్నాను. రాన్రాను రక్తం పోవడం తగ్గింది, గడ్డ కుంచించుకుపోయింది, మళ్లీ ఒడి కట్టుకుని చేలోకి దిగాను!

ఆసుపత్రి పేరు చెబితే భయపడే అక్కలారా, ప్రభువును నమ్మండి, డాక్టరు చెప్పింది చేయండి, దేవుడు పని చేసే చేతులు మందిరంలోనే కాదు, అక్కడా ఉన్నాయి. ఇందాక నేను మెల్లగా నడిచొస్తుంటే, పాపం దీనికింకా నయం కాలేదని వెనకాల ఎవరో అనుకోవడం విన్నాను. నాకిప్పుడు ఏడో నెలండి. దేవునికే మహిమ.