కారు కింద పెళ్లిచూపులు

పెళ్లిచూపులకు వెళ్లి పిల్లను చూడకుండా తిరిగొచ్చిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇదిగో, నేనే. నవ్వుకోండి, నాకేం కొత్త కాదు.

అప్పటికి నాకు ముప్పైమూడేళ్లు. వచ్చిన సంబంధాలన్నీ తప్పిపోతుంటే మా అమ్మ గుట్ట నరసింహస్వామికి మొక్కని మొక్కు లేదు. ఈ సంబంధం కూడా తప్పితే ఇక పిల్లను వెతికేది లేదని తేల్చి చెప్పేసింది. అందుకే ఆలేరులో కోడి కూయకముందే లేచి, అంత దూరం మక్తల్ దాకా వెళ్లాం. పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్లినట్టు, నేను నా కార్ల పిచ్చిని వెంటబెట్టుకెళ్లాను.

వాకిట్లోనే తెల్లటి అంబాసిడర్ మెరిసిపోతోంది. నాకు సొంత కారు లేదు లెండి, ఉన్నవన్నీ అభిప్రాయాలే.

"మంచి బండే గానీ, కాంటెస్సా ముంగట నిలుస్తదా?" అన్నాను, పిల్ల తండ్రికి నమస్కారమైనా పెట్టకుండా.

ఆయన ముఖం ఎర్రబడింది. "కాంటెస్సానా? నా బండిల తొమ్మిది మంది కూసుంటరు, తెల్సా?"

"కూసునుడు గొప్పనా, ఉరుకుడు గొప్పనా మామా?"

పిల్లను చూడకముందే మామా అన్నందుకు మా అమ్మకు పొలమారింది. ఆయన అదేమీ పట్టించుకోకుండా తాళంచెవి తెచ్చాడు.

"మాటలెందుకు, సప్పుడిను. వీణ లెక్కుంటది" అని ఇంజన్ స్టార్ట్ చేశాడు.

నేను కళ్లు మూసుకుని పెద్ద సంగీత విద్వాంసుడిలా తలాడించాను. "కింద సైలెన్సర్ వదులైంది."

"నా బండికా! చూపియ్యి. నిజమైతే నీ కాంటెస్సాకు దండం పెడ్త!"

అంత మాటన్నాక ఆగుతానా? ఇంజన్ ఆపించి, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాతోనే కారు కిందికి దూరాను. మోకాళ్ల కింది భాగం మాత్రమే బయట మిగిలింది.

"కొడుకా, పిల్ల చాయ్ తెచ్చింది! బయటికి రారా!" అని అమ్మ పిలిచింది.

"ఎవలైతేంది గానీ, జర పన్నెండు పదమూడు పానా ఇయ్యమను!"

ఒక చెయ్యి వచ్చి సరిగ్గా అదే పానా అందించింది. గాజులు గలగలలాడాయట. నాకు నట్టు తప్ప ఇంకేం పట్టలేదు. అమ్మ గట్టిగా దగ్గింది. దుమ్ముకేమో అనుకున్నాను.

మసి ముఖంతో బయటికొచ్చేసరికి చాయ్ చల్లారింది, అమ్మాయి లోపలికి వెళ్లిపోయింది. ఆయన నన్ను కావలించుకుని, ఎక్కడో ఉన్న కాంటెస్సాను తలుచుకుని ఆకాశానికి దండం పెట్టాడు. గెలిచిన గర్వంతో బస్సెక్కాను.

"పిల్ల నచ్చిందారా?" అంది అమ్మ.

"ఏ పిల్ల?"

అక్కడి నుంచి మహబూబ్‌నగర్ దాకా బస్సంతా మా అమ్మ తిట్లే వింది. కండక్టర్ కూడా టికెట్లు కొట్టడం ఆపి విన్నాడు. ఇక ఒంటరి బతుకే ఖాయమని నాకు నిజంగానే ఏడుపొచ్చింది.

రెండు రోజులకు మక్తల్ నుంచి ఫోన్. అమ్మ స్పీకర్ పెట్టింది.

"చెల్లె, మా బిడ్డనడిగిన. కాళ్లు మంచిగనే ఉన్నయంట. మిగతా మనిషిని ఎప్పుడు చూపిస్తరని అడుగుతాంది."

చూపించాం. పెళ్లయింది. అందుచేత నరసింహస్వామి సాక్షిగా, గుండెల మీద చెయ్యి వేసుకుని ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఇకమీదట ఏ పెళ్లిచూపుల్లోనూ కారు కిందికి దూరను.

"ఇంక పెండ్లిచూపులు గూడ ఉన్నయా నీకు?" అని మా ఆవిడ వంటింట్లోంచి అడుగుతోంది.