కెప్టెన్ గారి బండి

ఊరంతా మా బావను కెప్టెన్ గారు అనేది. నిజానికి ఆయన సైన్యంలో లారీ డ్రైవరు. ఆ సంగతి ఎవరి దగ్గరా దాచలేదు, అడిగినవాళ్లకల్లా చెప్పేవాడు. కానీ అంత నిటారుగా నిలబడి, అవతలివాడి కళ్లలోకి చూస్తూ మాట్లాడే మనిషిని డ్రైవరు అనడానికి జనానికి నోరు రాలేదు. నేను మాత్రం అక్క మొగుడు కదా అని వదిలిపెట్టేవాణ్ణి కాదు. పొద్దున్నే షెడ్డులో అడుగు పెడుతూనే, "కెప్టెన్ గారూ, ఇవాళ ఎవరితో యుద్ధం?" అనేవాణ్ణి.

"నీ బద్ధకంతోరా, ఇంకెవరితో?" అనేవాడు.

మంచు కొండల్లో కాలివేళ్లు పోగొట్టుకుని తిరిగొచ్చాక ఆయన పెట్టిన షెడ్డు అది. అరిగిపోయిన లారీ టైర్లకు కొత్త రబ్బరు వేసేవాళ్లం. పాత టైరును యంత్రం మీద తిప్పి గీకుతుంటే నల్లటి పొడి లేచి ముక్కుల్లోకీ చెవుల్లోకీ తినే అన్నంలోకీ చేరేది. గీకాక బంక పూసి, రబ్బరు పట్టీ చుట్టి, ఆవిరి పెట్టెలో ఉడికించాలి. పూర్తిగా ఉడకని టైరును ఆయన ఎంతటివాడికీ ఇచ్చేవాడు కాదు. "దారిలో పేలితే చచ్చేది నీ డ్రైవరు, నువ్వు కాదు" అని లారీ ఓనర్ల మొహం మీదే అనేవాడు. వాళ్లు లోపల్లోపల తిట్టుకుంటూ బెంచీ మీద కూర్చునేవారు.

సొంత పని కంటే ఊరి పని మీద యావ ఎక్కువ. వర్తకుల సంఘానికి ఆయనే అధ్యక్షుడు. మురుగు పొంగినా, వీధి దీపం ఆరినా మున్సిపల్ ఆఫీసులో ఆయన కుంటి నడక వినిపించేది. ఆ చప్పుడు వినగానే ఇంజినీరు వెనక గుమ్మంలోంచి జారుకునేవాడట. అది తెలిసిన మర్నాడు బావ వెనక గుమ్మం దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మా వీధికి కాలువ వచ్చింది అలాగే.

ఒకరోజు మధ్యాహ్నం ఒక హమాలీ తన భార్య శవాన్ని బస్తాలు మోసే తోపుడు బండి మీద వేసుకుని బజారు మధ్యలోంచి తోసుకుపోయాడు. బండి పొట్టిది. ఆమె కాళ్లు బయటికి వేలాడుతున్నాయి. బావ గీకుతున్న టైరు వదిలేసి, తనూ ఒక చెయ్యి వేసి శ్మశానం దాకా తోశాడు. ఆ తర్వాత ఎక్కడో ఒక పాత వ్యాను కొన్నాడు. తనే తెల్లరంగు వేశాడు. లోపల పొడుగ్గా స్ట్రెచరు, దాని పక్కన సన్నటి బల్ల, వెనక తలుపు. ఊళ్లో ఎవరింట్లో మనిషి పోయినా కబురు పెడితే చాలు, పైసా తీసుకోకుండా తనే నడుపుకుంటూ వెళ్లేవాడు.

"నీకెందుకు బావా ఈ పీడ? టైర్లు చాలవూ?" అని ఒకసారి అడిగాను.

యంత్రం ఆపాడు. "కొండ దిగి వెనక్కి వచ్చేటప్పుడు బతికున్నవాళ్లనే ఎక్కించమన్నారురా. పోయినవాళ్లను రోడ్డు పక్కనే పడుకోబెట్టేశాం. అందులో ఒకడు పొద్దున నాతో కలిసి టీ తాగినవాడు. మట్టి కప్పుతానంటే ఆగనివ్వలేదు. మళ్లీ వస్తాంగా అన్నారు. ఎక్కడ వెళ్లాం!" అని మళ్లీ యంత్రం వేశాడు. ఆయన నోట యుద్ధం మాట నేను విన్నది ఆ ఒక్కసారే.

ఊరు ఆయనకు దణ్ణం పెట్టింది, ఆ బండికి మాత్రం దూరం జరిగింది. అది ఇంటి ముందే ఉండేది. ఎదురింటివాళ్లు కిటికీలు మూసుకున్నారు. పాలవాడు వీధి చివర నిలబడి గంట కొట్టేవాడు, అక్క గిన్నె పట్టుకుని అంతదూరం నడిచేది. వాళ్లకు పిల్లల్లేరు. సాయంత్రాలు అరుగు మీద చేరి కబుర్లు చెప్పే ఆడవాళ్లే ఆమెకు కాలక్షేపం. వాళ్లూ రావడం మానేశారు.

"మన గుమ్మం ముందు వద్దండీ. ఇంకెక్కడైనా పెట్టండి" అని బతిమాలింది.

"ఇంకెవరు పెట్టనిస్తారోయ్? అందరివీ గుమ్మాలేగా" అన్నాడు.

ఊళ్లో వాళ్లందరి మాటా చెవిన వేసుకునే మనిషికి పెళ్లాం మాట మాత్రం ఎక్కలేదు. ఆ విషయంలో నాకు ఆయన మీద కోపం ఉండేది, ఇప్పటికీ ఉంది.

అక్కకు పక్షవాతం వచ్చిన రోజు నేను రబ్బరు కొనడానికి పైఊరు వెళ్లాను. ఇంటి దగ్గర జరిగింది బావ చెప్పగా విన్నదే. కుండపోత వాన. అక్క వంటింట్లో కూలబడి ఉంది, మూతి వంకరపోయింది, ఎడమ చెయ్యి పడిపోయింది. ఫోన్ చేస్తే ఆసుపత్రి అంబులెన్సు కాన్పు కేసు మీద వెళ్లింది, ఎప్పుడొస్తుందో చెప్పలేమన్నారు. బావ ఆమెను రెండు చేతులా ఎత్తుకుని వానలోకి వచ్చాడు. తెల్ల బండి కనపడగానే అక్క పనిచేస్తున్న చేత్తో గేటు ఊచ పట్టుకుంది.

"అందులో వద్దు. నేనింకా బతికే ఉన్నాను" అందట, ముద్దముద్దగా.

ఆయన ఆమె వేళ్లు ఒక్కొక్కటీ విడదీశాడు. లోపల పడుకోబెట్టి, గొడుగులేసుకుని చూస్తున్న వీధి వైపు తిరిగి, "ఎవరైనా ఒకరు వెనక కూర్చోండమ్మా" అని అడిగాడు. వాళ్లలో ఎంతమంది ఇళ్లకు ఆ బండి వెళ్లిందో లెక్క లేదు. ఒక్కరి కాలూ కదల్లేదు. ఆ మనుషులను తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆయన తలుపు వేసి, ముందుకెళ్లి కూర్చుని, ఆ వానలో పట్నం దాకా ఎక్కడా ఆపకుండా తోలాడు. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదని డాక్టరు అన్నాడు.

అక్క దక్కింది. కొన్నాళ్లకు మాటా వచ్చింది. నాతో మాట్లాడేది, పనిమనిషితో మాట్లాడేది, చివరికి ఆ పాలవాడితో కూడా మాట్లాడేది. బావతో మాత్రం "ఊ", "ఊహూ", అంతే.

ఆయన బండిని సంఘానికి రాసిచ్చి, డ్రైవరును పెట్టి, షెడ్డు వెనక్కి పంపేశాడు. మళ్లీ స్టీరింగు ముట్టుకోలేదు. అధ్యక్ష పదవీ వదిలేశాడు. మురుగు పొంగినా పట్టించుకోలేదు. అక్కకు స్నానం, తిండి, మందులు అన్నీ తనే. తల దువ్వడం నేర్చుకున్నాడు, పాపిడి ఎప్పుడూ వంకరే. రోజూ ఏదో ఒక వేళ మంచం పక్కన కూర్చుని, "నిన్ను ఆ బండిలో ఎక్కించినందుకు క్షమించవోయ్. వేరే దారి లేకపోయింది" అనేవాడు. ఆమె గోడ వైపు తిరిగేది.

"ప్రాణం నిలబెట్టిన మనిషక్కా! ఎన్నేళ్లు ఏడిపిస్తావు?" అని ఒకరోజు గట్టిగానే అడిగాను.

"నీకు తెలీదు, ఊరుకోరా" అంది.

బావ వీధిలోకి వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. "నేను పోయేలోపు మీ అక్క మనసారా ఒక్కమాట మాట్లాడితే చాలురా. నాకింకేం అక్కర్లేదు." ఊరిని గడగడలాడించిన మనిషి అలా అడుక్కుంటుంటే నాకు ఏడుపొచ్చింది.

చివరికి ఆ రబ్బరు పొడే ఆయన ఊపిరితిత్తులను తినేసింది. దగ్గితే కళ్లె నల్లగా పడేది. రెండు మంచాలు పక్కపక్కన వేశాం. పోయే రోజు పొద్దున కూడా అదే మాట అడిగాడు. అక్క, "ఊ" అంది. ఆ ఊ క్షమించానని అనడమో, విన్నానని అనడమో ఆయనకూ తెలియలేదు, నాకూ తెలియలేదు. మధ్యాహ్నానికి ఊపిరి ఆగిపోయింది.

మున్సిపల్ చైర్మన్ వచ్చాడు, సంఘం వచ్చింది, పూలతో కప్పిన తెల్ల బండి వచ్చింది. ఉపన్యాసాలు అయ్యాయి. ఆయన్ని లోపల పడుకోబెట్టి డ్రైవరు తలుపు వేయబోతుంటే అక్క గుమ్మంలో వేసిన కుర్చీలోంచి అరిచింది.

"ఆగండి. నన్నూ ఎక్కించండి."

అందరూ బిత్తరపోయారు. నేను దగ్గరికెళ్లి, "నీకెందుకక్కా ఆ బండి? ఆటోలో వద్దాం" అన్నాను.

"బండికేంరా? ఇనుము. వెనక ఒక్కళ్లనే వేసి తలుపు మూస్తే ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఈయన్ని అలా పంపను."

నేనూ డ్రైవరూ కలిసి ఎత్తి బల్ల మీద కూర్చోబెట్టాం. నేనూ ఆమె పక్కనే కూర్చున్నాను. బండి కదిలింది. అక్క పనిచేసే చేత్తో బావ చెయ్యి పట్టుకుని అంది: "ఆ రోజు దారిలో ఎక్కడో ఒకచోట ఆపి, ఒక్కసారి వెనక్కొచ్చి నా మొహం చూస్తాడనుకున్నాను. చచ్చిపోయాననే అనుకున్నాడేమో, అందుకే రాలేదనుకున్నాను. ఆ మాట ఒక్కరోజైనా ఎత్తలేదు. ఎంతసేపూ బండి, బండి."

ఆపితే నువ్వు బతికేదానివి కాదక్కా, నువ్వు బతికే ఉన్నావనే ఆపలేదక్కా అని చెప్పడానికి నోరు తెరిచాను. బావ చల్లటి చేతిని ఆమె నిమురుతోంది. నేను ఆమె పడిపోయిన చేతిని నా చేతుల్లోకి తీసుకున్నాను.