నా దిక్కు సాక్షి

మా ఆయన పోయిన మరుసటి ఏడు, మరిపెడలోని మా ఇంటి జాగా అమ్మకానికి పెట్టాను. నాకున్న ఆధారం అదొక్కటే. పిల్లలు లేరు. అది అమ్మి కురవిలో వీరభద్రస్వామి గుడి దగ్గర చిన్న ఇల్లు తీసుకోవాలని ఆశ. బేరం చూసే ఏజెంటును నోరారా అన్నా అని పిలిచేదాన్ని. వచ్చినప్పుడల్లా చాయ్ పోసి మనసులో మాట చెప్పుకునేదాన్ని. "ఒక్కదాన్ని ఉండలేకపోతున్న అన్నా, జర తక్కువకైనా ఇచ్చేస్త" అని కూడా చెప్పాను.

బయానా పైకం తీసుకుని ఒప్పంద కాగితం రాసుకునే రోజు, కొనే ఆయన కూర్చుంటూనే, "ఒక్కదానివి ఉండలేకపోతున్నవట గదా అక్కా, జర తగ్గించరాదు?" అన్నాడు. ఆ మాట అన్నకు తప్ప ఎవరికీ చెప్పలేదే అనుకుంటూ, పక్కనే కూర్చున్న ఆయన వైపు చూశాను.

కాగితం రాసే ఆయన, "మీ దిక్కు సాక్షి ఎవలమ్మా?" అని అడిగాడు.

"గిదేంది, మా అన్న ఉన్నడు గదా!"

అందరూ నవ్వారు. "ఆయన కొనేటోళ్ల దిక్కు సంతకం పెట్టిండమ్మా."

నేను బడికి పోలేదు. నాయిన ఇంట్లో నేర్పిన అక్షరాలతో, వేలు పెట్టి చదివాను. నిజమే.

"ఇద్దరి దిక్కు చూసుడే మా పని చెల్లే," అన్నాడు అన్న, తల దించుకుని.

"గా ముచ్చట మొదలే చెప్పాలె అన్నా," అని కాగితం వెనక్కి జరిపి లేచాను.

జాగా ఇంకా నా పేరనే ఉంది. అందుకు వీరభద్రస్వామికి, నాయినకు రోజూ దండం పెట్టుకుంటాను. అన్న మీద కోపం లేదు. కాకపోతే, ఇప్పుడు చాయ్ నా ఒక్కదానికే పెట్టుకుంటున్నాను.